లాయర్ల బోర్డులో దయావతిగారు

కెనడాలో మా సస్కటూన్‌లో దయావతిగారిని ఎరగని తెలుగువాళ్లు తక్కువ. పిఠాపురంలో ఒకప్పుడు కెనడా మిషనరీలు కట్టిన ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకుని, పెళ్లయ్యాక భర్త ఆనందబాబుగారితో ఇక్కడికి వచ్చి, డయాలసిస్ యూనిట్‌లో స్థిరపడ్డారు. ఆయన వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డరు. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆవిడ క్యారేజీ సర్దుకుని వెళ్లేవారు. అలాంటి మనిషి లాయర్ల మీద పెత్తనం చేసే బోర్డులో మెంబరయ్యారంటే మొదట మేమెవరం నమ్మలేదు.

పెత్తనం అనేది మా మాట. ఆవిడ ఒప్పుకోరు. ప్రావిన్సులో లాయర్లకు లైసెన్సులిచ్చి, వాళ్ల మీద ఫిర్యాదులొస్తే విచారించే సంస్థ ఒకటుంది. దాని బోర్డులో ఎక్కువమంది లాయర్లు ఎన్నుకున్న లాయర్లే. వాళ్ల మధ్య కూర్చోవడానికి లాయర్లు కాని కొద్దిమందిని ప్రభుత్వం నియమిస్తుంది. ఆఫీసు నడపడం, గుమాస్తాలకు పని చెప్పడం వీళ్ల వంతు కాదు. సంస్థ జనం మేలు కోసం నడుస్తోందో లేదో చూడటం, నడవకపోతే అడగటం, వంతు వచ్చినప్పుడు విచారణల్లో కూర్చోవడం, అంతే.

ఆవిడ అక్కడికి చేరడం వెనక కూతురు జెస్లిన్ ఉంది. డయాలసిస్‌కు వచ్చినవాళ్లు గంటల తరబడి మిషను పక్కన పడి ఉంటారు. మాట్లాడకుండా ఎలా ఉంటారు? విడాకులు, పొలం పంపకాలు, పిల్లల కస్టడీ, అన్నీ నర్సుకు చెప్పుకునేవారు. లాయరు ఫోన్ ఎత్తడంలేదని ఒకరు, దేనిమీద సంతకం పెట్టానో నాకే తెలీదని ఒకరు. దయావతిగారు అవన్నీ మనసులో మోసుకుని ఇంటికొచ్చి వంట చేస్తూ వెళ్లబోసుకునేవారు. పేర్లు మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు. ఒకరోజు కూతురు విని విని, "మామ్, జస్ట్ అప్లై ఫర్ దిస్" అని ఫోన్‌కి ఒక లింకు పంపింది. బోర్డులో ప్రజల తరఫు సభ్యులు కావాలని ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన అది. నాలాంటిదాన్ని ఎవరు పిలుస్తారులే అనుకుంటూనే ఆవిడ అప్లై చేశారు. పిలిచారు.

మొదటి మీటింగు ప్రావిన్సు రాజధాని రెజైనాలో. జూలై నెల, దారి పొడుగునా రెండువైపులా పసుప్పచ్చగా పూసిన కనోలా నూనెగింజల చేలు. వెళ్లేటప్పుడున్న హుషారు మీటింగులో కూర్చున్న కాసేపటికే పోయింది. మాటలన్నీ ఇంగ్లీషే, అయినా సగం తలకెక్కలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర బోర్డు అధ్యక్షురాలు ఐరీన్ కోవల్‌చుక్ ప్లేటు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా లాయరు. లా చదువుకున్నవాళ్లకు ఒక జబ్బుంటుందని, తమ మాటలు అందరికీ తెలుసనుకుంటారని, అర్థంకానిచోట చెయ్యెత్తి ఆపమని చెప్పింది. దయావతిగారు ఆ మధ్యాహ్నం నుంచే ఆపడం మొదలుపెట్టారు. మొదట్లో సిగ్గుపడేవారట. తర్వాత్తర్వాత ఒకరిద్దరు లాయర్లు కూడా, తమకూ సరిగ్గా తెలియదని నవ్వుతూ ఒప్పుకుని ఆవిడతోపాటే అడిగేవారట.

అలా ఏడాది గడిచింది. అప్పుడు వీర్రాజు విషయం వచ్చింది.

వీర్రాజుది తుని. ఆనందబాబుగారి ఫ్యాక్టరీలోనే పని, ఇద్దరూ ఒకే కారులో వెళ్లివచ్చేవారు. ఆదివారం భోజనం వీళ్లింట్లోనే. ఊరెళ్లి రాధికను పెళ్లి చేసుకుని వచ్చి, ఆమెను రప్పించుకోవడానికి స్పాన్సర్‌షిప్ అప్లికేషన్ పెట్టాడు. పెళ్లయ్యాక కలిసి ఉన్నది కొద్దిరోజులే కదా, ఇది నిజమైన పెళ్లేనా అని అనుమానపడి ఇమ్మిగ్రేషన్‌వాళ్లు కాదన్నారు. దానిమీద అప్పీలుకు గడువుంటుంది. లాయరును పెట్టుకున్నాడు. వేశాను, వస్తుంది, ఆగు అన్నాడు ఆ లాయరు. చలికాలం వెళ్లి మళ్లీ చలికాలం వచ్చింది. చివరికి తేలిందేమిటంటే అప్పీలు అసలు వేయనేలేదు.

ఆ జనవరి ఆదివారం అన్నంలో చేపల పులుసు కలుపుకుంటూ వీర్రాజు అసలు మాట బయటపెట్టాడు. "ఆంటీ, ఆ లాయరు మీద మీ బోర్డుకే కంప్లైంట్ పెట్టానండి. మీరేం చెయ్యక్కర్లేదు. ఎలా ఉందో ఒక్కసారి కనుక్కుంటే చాలు. మన మనిషి ఉన్నారని తెలిస్తే త్వరగా కదుల్తారు."

దయావతిగారి చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

"ఇక చెప్పకు వీర్రాజూ," అన్నారు. "నేను వినకూడదు. ఏదన్నా తెలుసుకోవాలంటే ఆఫీసుకి ఫోన్ చేసి అడుగు, వాళ్లు చెప్తారు. నేను మాత్రం కనుక్కోను, ఎవరితోనూ మాట్లాడను."

అతను కంచం పక్కకు జరిపాడు. "పరాయివాళ్లయినా ఇంత మాట అనరేమోనండి," అని మెల్లగా లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సంస్థ ఆఫీసుకు ఫోన్ చేశారు. ఫలానా మనిషి మా ఇంట్లో మనిషిలాంటివాడు, అతని ఫిర్యాదుకు సంబంధించిన కాగితం ఏదీ నాకు పంపవద్దు, ఆ మాట వచ్చినప్పుడు నేను గదిలో ఉండను అని చెప్పి రాయించారు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. వీర్రాజు వేరేవాళ్ల కారులో పనికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆదివారాలు రావడం మానేశాడు. తెలుగు అసోసియేషన్ ఉగాది విందులో కొందరు ఆవిడను చూసి పలకరింపు తగ్గించారు. పదవి వచ్చేసరికి మనుషులు కంటికి ఆనట్లేదన్న మాట ఆవిడ చెవినా పడింది. ఆనందబాబుగారు ఎప్పుడూ భార్యను నిలదీసే మనిషి కాదు. ఆయనే ఒకరోజు అడిగేశారు, మనవాడికి అక్కరకురాని కుర్చీ మనకెందుకని.

"అదే లాయరుకి బోర్డులో ఒక స్నేహితుడు ఉన్నాడనుకోండి," అన్నారావిడ. "అతనూ మా వాడి సంగతి కాస్త చూడండి అంటే మీకు సమ్మతమేనా?"

ఆయన లంచ్ డబ్బా అందుకుని పనికి వెళ్లిపోయారు. కానీ తను చెప్పిన ఆ మాటతో ఆవిడకే మనసు నిండలేదు. న్యాయమైన పని చేశానని తెలిసినంత మాత్రాన బాధ పోదుగదా. భోజనాల బల్ల దగ్గర ఖాళీగా ఉన్న వీర్రాజు కుర్చీ వైపు చూసినప్పుడల్లా, అక్కడ తుని కబుర్లు చెప్తూ తినే కుర్రవాడు గుర్తొచ్చేవాడు. రాజీనామా చేద్దామా అని కూడా అనుకున్నారు. జెస్లిన్ వద్దంది. నువ్వు మానేస్తే ఆ కుర్చీలోకి తమవాళ్ల కోసం ఒక్క మాట చెప్పేవాళ్లు వస్తారేమో అని ఇంగ్లీషులో అన్నదట.

ఆ వసంతకాలం మీటింగులో ఆఫీసువాళ్లు ఏడాది ఫిర్యాదుల సంగతి చెప్పారు. వాటిలో చాలావాటిని మధ్యలోనే మూసేశారు. ఫిర్యాదు చేసినవాళ్లు తర్వాత ఆఫీసు రాసిన ఉత్తరాలకు జవాబివ్వలేదట. వాళ్లెవరు, ఎందుకు రాయలేదు అని దయావతిగారు అడిగారు. ఎవరూ ఆరా తీయలేదని ఆఫీసు తరఫు ఆవిడ దాచకుండా చెప్పింది. భాష రానివాళ్లా, చదువు లేనివాళ్లా, ఒంట్లో ఓపిక లేనివాళ్లా? ఆవిడకు తన వార్డులో పడుకున్నవాళ్ల ముఖాలు కళ్లముందు మెదిలాయి.

ప్రతిపాదన ఏదైనా పెట్టేముందు ఆవిడ ఐరీన్‌ను పక్కకు పిలిచి, మా వాడి ఫిర్యాదు నడుస్తుండగా నేనిది ఎత్తవచ్చా అని కనుక్కున్నారు. కొత్త పద్ధతి ఏదొచ్చినా ఇకముందు వచ్చే ఫిర్యాదులకే కాబట్టి ఎత్తవచ్చంది ఐరీన్. అప్పుడు ఆవిడ, రాతకోతలు లేకుండా నోటిమాటగా చెప్పినా తీసుకోవాలని ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. తన మీద వచ్చిన ఆరోపణ ఏమిటో లాయరుకూ అక్షరం పొల్లుపోకుండా తెలియాలి కదా అన్నాడు ఒక పెద్దాయన. అది నిజమేనని ఆవిడకూ అనిపించింది. ఇంటికొచ్చి ఆలోచించి, మళ్లీ మీటింగుకు ఆ పెద్దాయనతోనే కూర్చుని మార్చి రాసుకొచ్చారు: ఫోనులో చెప్తే ఆఫీసు మనిషే రాసిపెట్టాలి, కావాలంటే దుబాసీని పెట్టాలి, రాసింది వాళ్ల భాషలో చదివి వినిపించి సరేనన్నాకే లాయరుకు పంపాలి. మూసేసేముందు ఒకసారైనా ఫోన్ చేసి అడగాలి. ఈసారి అందరూ చేతులెత్తారు. మొదటి నెలల్లోనే ఫోన్లు రావడం మొదలైంది. ఉత్తరాన ఆదివాసీల రిజర్వుల నుంచి క్రీ భాషలో మాట్లాడే పెద్దవాళ్లు, ప్యాకింగ్ ప్లాంట్లలో పనిచేసే ఫిలిప్పీన్స్‌వాళ్లు చేశారని ఆఫీసు చెప్పింది. పేర్లు ఆవిడకు తెలియవు, తెలియక్కర్లేదు.

వీర్రాజు కేసు మరోపక్క తన దారిన తను నడిచింది. విచారణ బెంచి కూర్చుంది, తీర్పు వచ్చింది, దానిమీద లాయరు అప్పీలుకు వెళ్లే గడువూ అయిపోయింది. ఆ తర్వాతి శనివారం వీర్రాజు వీళ్ల తలుపు తట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి చెప్పుకొచ్చాడు.

ఆ లాయరు దుర్మార్గుడేం కాదు. జబ్బుచేసి, పని పేరుకుపోయి, వేయలేదని చెప్పడానికి భయపడి అబద్ధమాడాడు. విచారణలో అతని తరఫు వకీలు లేచి, బోర్డులో మీ ఊరివైపు ఆవిడ ఉంది, ఆవిడ ఇంట్లోనే నీ భోజనం, ఈ ఫిర్యాదులో ఆవిడ హస్తం లేదా అని వీర్రాజును అడిగాడు. ఉందని తేలితే విచారణ మొత్తం కొట్టేయమని అడగాలని అతని ఆలోచన.

"నేను అడిగాను, ఆవిడ కాదన్నారు, నాలుగు నెలలైంది వాళ్లింటికి వెళ్లి అని చెప్పానండి," అన్నాడు వీర్రాజు. "మీరు ఆ మర్నాడే ఫోన్ చేసి రాయించినదాన్ని కూడా ఆఫీసువాళ్లు చదివారు. దాంతో ఆ వకీలు కూర్చుండిపోయాడు. అప్పుడు మీరు నా మాట విని ఉంటే నా కేసు అక్కడే పోయేదాంటీ."

ఆవిడ లోపలికి రమ్మని మళ్లీ పిలిచారు. ఈసారి బూట్లు విప్పాడు.

లాయరును కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. తర్వాత మరో లాయరు పర్యవేక్షణలోనే పనిచేయాలన్నారు. ఆలస్యం వీర్రాజు తప్పు కాదని రాతపూర్వకంగా తేలింది కాబట్టి, కొత్త లాయరు గడువు దాటిన అప్పీలును వేస్తే తీసుకున్నారు. ఇంకో ఏడాది పట్టిందనుకోండి. కానీ రాధిక వచ్చింది. మే నెలలో సస్కటూన్ విమానాశ్రయంలో దిగిన ఆమెకు చలికోటు ఇవ్వడానికి దయావతిగారే వెళ్లారు. ఇప్పుడు రాధిక వృద్ధాశ్రమాల్లో సేవ చేసేవాళ్లకు నేర్పే కోర్సులో చేరింది. సందేహాలుంటే ఆంటీనే అడుగుతుంది.

ఈమధ్యే దయావతిగారిని రెండోసారి నియమించారు. వచ్చేవారం ఆవిడ రెజైనాలో ఒక విచారణ బెంచిలో కూర్చోవాలి. వేరే ఊరివాళ్ల కేసు, ఆవిడకు ముక్కూముఖం తెలియనివాళ్లు. అలాంటి విచారణలు చూడటానికి ఎవరైనా వెళ్లవచ్చు. ఆనందబాబుగారు ఫ్యాక్టరీలో సెలవు పెట్టారు. ఈసారి డ్రైవింగ్ ఆయనదట. వెనక బెంచీలో కూర్చుని తన భార్య ఏం అడుగుతుందో వినాలని ఉందని, ఆ మాట ఆవిడతో కాదు, నాతో చెప్పారు.