అక్క అడ్డం పెట్టిన కంప

నా చిన్నప్పుడు వానకాలం మొదలైందంటే బడి నుంచి రాగానే నాకు ఒకటే పని, మా బర్రెను ఒడ్ల మీద మేపుకురావడం. మోతె దగ్గర మా ఊళ్లో మా తాతయ్య నారుమడి, పక్కింటివాళ్ల నారుమడి ఒకే ఒడ్డుకు అటూ ఇటూ ఉండేవి. పశువులు పడకుండా చుట్టూ తుమ్మకంప వేసేవాళ్లు. లోపలికి పోవాలంటే ఒక కొమ్మ పక్కకు లాగి, వచ్చేటప్పుడు మళ్లీ అడ్డం పెట్టి రావాలి.

పక్కింటి అక్క అప్పటికి కొత్త కోడలు. మఠంపల్లి దిక్కు నుంచి వచ్చింది. అత్త ముందు నోరెత్తేది కాదు గానీ, నేను కనబడితే మాత్రం కొంగున కట్టుకున్న పుట్నాలు నా చేతిలో పోసి వాళ్ల ఊరి ముచ్చట్లు చెప్పేది. ఆ ఏడు నారుమడి చూసుకునే పని అత్త ఆమెకు అప్పజెప్పింది. పెళ్లయ్యాక అత్త నమ్మి ఇచ్చిన మొదటి పని అది. రోజూ పొద్దున్నే పోయి నీళ్లు పెట్టి, ఎంతో సంబరంగా తిరిగి వచ్చేది.

వాళ్ల మడికి అవతలి గట్టున ఒక అల్లనేరేడు చెట్టు ఉండేది. ఒక సాయంత్రం దాని కింద పండ్లు రాలి నల్లగా కనబడ్డాయి. నేను బర్రె పగ్గం ఒక రాయి కింద పెట్టి, కంప పక్కకు లాగి లోపలికి పోయాను. ఎంతసేపు ఏరుకున్నానో తెలియదు. తలెత్తి చూసేసరికి మా బర్రె మడి నడుమ నిలబడి ఉంది. సగం నారు మేసింది, మిగతా సగం తొక్కేసింది. దాన్ని గుంజుకొని ఇంటికి పరుగెత్తాను. ఆ భయంలో కంప మళ్లీ అడ్డం పెట్టాలని కూడా తోచలేదు.

పొద్దుగూకే ముందే సంగతి బయటపడింది. పక్కింటి వాకిట్లో నలుగురు చేరారు.

"కంప తీసే ఉన్నది. దీనికి చేతగాదని నేను ముందుగాలనే అన్న" అంటోంది అత్త.

"నేను పెట్టే వచ్చిన అత్తమ్మా" అంది అక్క మెల్లగా.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు గాడనే ఉంటివి గద. ఎవరన్న తీసిండ్రా?"

"నేను సూడలే. పొద్దుగాల అక్కనే వచ్చింది" అన్నాను.

అక్క నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క తప్పిన మనిషిలా, "పెట్టినట్టే యాదికున్నది" అంది. పెట్టి వచ్చాను అన్న మనిషి ఒక్క క్షణంలో పెట్టినట్టు యాది అనే దాకా వచ్చింది. చేసింది నేనే.

మా తాతయ్య ఇదంతా అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. నేను ఇంట్లోకి రాగానే దగ్గరికి పిలిచి, "నాలుక సూపియ్యి" అన్నాడు. చూపించాను, ఊదారంగులో ఉంది. ఆ చుట్టుపక్కల నేరేడు చెట్టు అదొక్కటే. ఆయన చూసి, "పోయి నోరు కడుక్కో బిడ్డా" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు.

నాట్ల వేళకు మా మడిలో నారు పీకించి, సగం కట్టలు పక్కింటి పొలానికి మోయించాడు. మాకు మిగిలిందని వాళ్లకు చెప్పాడు. మిగల్లేదు. ఆ ఏడు మా దిగువ మడి నాటు లేకుండా బీడుపడింది. ఒక కట్ట నా నెత్తిన పెట్టి, ఒడ్డు మీద నడుస్తూ నాతో అన్నాడు: "నారైతే నేనిస్త. మాట నీది. అది నువ్వే ఇయ్యాలె." అక్కడే ఆగిపోయి నన్ను ఒక్కదాన్నే ముందుకు పంపాడు.

అక్క నా నెత్తి మీది కట్ట దించుకొని, "మీ తాతయ్య సల్లగుండాలె" అంది. అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. అత్త పది గజాల దూరంలో వంగి నాటేస్తోంది. తల వంచుకొని తిరిగి వచ్చాను. తాతయ్య నా ముఖం చూసి ఇంటి దిక్కు నడిచాడు. ఆయన చనిపోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు కోదాడలో పెళ్లయింది, పిల్లలయ్యారు, ఇంటికి కోడలూ వచ్చింది. మొన్నామధ్య మిర్యాలగూడలో ఒక పెళ్లికి పోతే అక్క కనబడింది. తల పూర్తిగా నెరిసింది. భోజనాలయ్యాక పక్కన కూర్చొని అంతా చెప్పేశాను. నవ్వి తీసేస్తుందనుకున్నాను.

"నారుదేముంది, తాతయ్య ఇచ్చిండు గద" అంది ముందు. తర్వాత చేతి గాజులు తిప్పుకుంటూ చెప్పింది. "మా అత్త బతికినన్నాళ్లు నన్ను విత్తనం ముట్టనియ్యలే. నాక్కూడ నా మీద నమ్మకం పోయింది. ఇప్పటికి గూడ ఇంటికి తాళమేసి మూడుసార్లు గుంజి సూస్త." నా చెయ్యి పట్టుకుంది. "అంటే, నేను నిజంగ పెట్టే వచ్చిన్నా?"

"పెట్టే వచ్చినవ్ అక్కా."

ఆమె తల ఊపింది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి మీదనైనా నింద పడుతుంటే, నాకు తెలిసింది అప్పటికప్పుడే చెప్పేస్తాను. నాకు ఓపిక లేదని మా కోడలు అనుకుంటుంది. మా బీడు మడి మరుసటి వానకాలానికే పచ్చబడింది. అక్కకు దక్కాల్సిన ఒక్క మాటను మాత్రం యాభై ఏళ్లు నా దగ్గరే దాచుకున్నాను. దాన్ని ఇచ్చేశాక కూడా నా బరువు తగ్గలేదు.