మేష్టారి ఉప్పుసీసాలు

మేష్టారు పోయారన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. బిలాస్‌పూర్ నుంచి తమ్ముడు రాసిన కార్డు అందేసరికి పదోరోజు కూడా అయిపోయింది. అక్కడి రైల్వే స్కూల్లో మాకు సైన్సు చెప్పిన మనిషి. ఇవాళ నేను కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆయన చలవే.

మా వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చినవాళ్ళు. ఊరెళ్ళినప్పుడల్లా నౌపడ ఉప్పూ, ఉప్పుచేపలూ మోసుకొచ్చేవారు. వానాకాలంలో ఆ చేపల మీద ఎర్రటి మచ్చలు లేచేవి. మా అమ్మ తిట్టుకుంటూ పారేయబోతే, మేష్టారు ఆ ముక్కలు అడిగి మరీ పట్టుకెళ్ళేవారు! ఖాళీ గ్లూకోజు సీసాలో చిక్కటి ఉప్పునీళ్ళు పోసి, ముక్క వేసి, రబ్బరు బిరడా బిగించి క్వార్టరు కిటికీలో పెట్టేవారు. వారాలు గడిస్తే ఒక సీసా గులాబీ, ఒకటి నారింజ, ఇంకోటి ఇటికరంగు.

"ఉప్పులో ఏదీ బతకదంటారు. చూడండర్రా, ఎన్ని జాతులు దాక్కున్నాయో!" అనేవారు. రంగు ఎప్పుడొస్తుందని మేం గోల పెడితే, "అవి మన గతౌరా ప్యాసింజరు బండి లాటివర్రా. లేటవుతాయి గానీ రాకుండా ఉండవు."

తొమ్మిదో తరగతిలో ఎగ్జిబిషన్‌కి నన్ను మైక్రోస్కోపు దగ్గర నిలబెట్టారు. శుభ్రంగా కనిపించాలని నేను గులాబీ చుక్కలో మంచినీళ్ళు కలిపాను. బహుమతులివ్వడానికొచ్చిన పెద్దలు వంగి చూస్తే ఏమీ లేదు. నవ్వేశారు. నాకు ఏడుపొచ్చేసింది.

మేష్టారు చూసి, "ఏటే, మంచినీళ్ళు పోసావా? ఉప్పు తగ్గితే అవి ఉబ్బి పగిలిపోతాయే. అచ్ఛా, తప్పు నాది, ముందే చెప్పలేదు" అని అందరి ముందూ అన్నారు. ఉప్పునీళ్ళతో ఇంకో చుక్క వేయించారు. ఈసారి సన్నటి పుల్లల్లాంటివి కదిలాయి. నవ్విన పెద్దల్లో ఒకాయన మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తలెత్తలేదు.

కార్డు అందగానే బిలాస్‌పూర్‌లోని లింగియాడీహ్ వెళ్ళాను, ఆయన రిటైరై కట్టుకున్న ఇంటికి. కిటికీలో సీసాలన్నీ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. పదిహేనేళ్ళు కాపాడుకొచ్చిన ప్రాణాలు! ఒకటి తీసి ఎండకేసి పట్టి చూసాను, చుక్క రంగు లేదు.

"మైల కదమ్మా, ఇల్లంతా కడిగినప్పుడు అవీ కడిగించేసాను. ఉంచాల్సిందేటి?" అన్నారు ఆయన భార్య, బెదిరిపోయి.

ఆవిణ్ణి ఏమనగలను? "ఫర్వాలేదు అమ్మగారూ. చిన్నప్పుడు నేనూ ఇదే చేసాను" అన్నాను. "మరి బిరడాలేవీ?"

ఓ రేకు డబ్బాలో పడేశారట. వాటి జోలికి నీళ్ళు వెళ్ళలేదు. ఒక బిరడా అంచున ఎండిన ఉప్పు పెచ్చు, లేత ఎరుపుగా. ఉప్పులో ఎండినా అవి చావవు; నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింట్లో నౌపడ ఉప్పు ఉంటే నీళ్ళలో చిక్కగా కలిపి, సీసాలో పోసి, ఎండుచేప ముక్క వేసి, ఆ పెచ్చు కూడా అందులో రాల్చి, అదే కిటికీలో పెట్టాను.

"వస్తుందంటావా?" అన్నారు అమ్మగారు.

"లేటవుతుంది. రాకుండా ఉండదు" అన్నాను. గొంతు నాదే, మాట ఆయనది.

నెల దాటాక, నిన్న అమ్మగారు పక్కింటి నుంచి ఫోన్ చేశారు. ముందు కాసేపు ఏడ్చారు. తర్వాత మెల్లగా చెప్పారు:

"పొద్దున్న ఎండ పడితే చూసానమ్మా. ఆయన కుర్చీ వెనక గోడ మీద గులాబీ నీడ పడతంది."