జమున రాసిన ఛార్జింగ్ రిపోర్టు

మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో పుట్టిన జమున ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, కరెంటు కార్ల ఛార్జింగ్ స్టేషన్లు చూసే కంపెనీలో చేరింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కడ మిషన్ ఆగినా స్కూటీ వేసుకుని ఆమే పోవాలి. కారుకు తగిలించే ప్లగ్గును అందరూ గన్ అంటారు. పాత కార్లకు జీబీటీ గన్, కొత్తవాటికి సీసీఎస్. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఏ గన్ నమ్మకమైనదో, దేన్ని తీసేయాలో రాసి పంపమని మేనేజర్ యుగేందర్ ఆమెను అడిగాడు. ఆరు నెలల ఫిర్యాదులు తిరగేస్తే జీబీటీ పదకొండు సార్లు చెడిపోయింది, సీసీఎస్ మూడే సార్లు. పాతదే తీసేయాలని జమున రాసేసింది. పంపడమే మిగిలింది.

మర్నాడు పొద్దున జీబీటీ గన్‌ను కారుకు పట్టి ఉంచే కొక్కెం అరిగిపోతే మార్చడానికి జనగామ స్టేషన్‌కు వచ్చింది. అప్పటికే దేవ్‌సింగ్ అనే డ్రైవర్ తన పాత టాక్సీని దానికి తగిలించి ఉంచాడు. ఆ పక్కనే ఐలేశ్ అనే అతను కొత్త కారు ఆపి సీసీఎస్ గన్ పెట్టాడు. వెనక సీట్లో అతని తల్లి బాలనర్సమ్మ ఉంది. డయాలసిస్ కోసం చేతి నరానికి ఆపరేషన్ చేయించాలని రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ బయల్దేరారు. పన్నెండింటికల్లా దవాఖానలో ఉండాలి.

ఐదు నిమిషాలకే సీసీఎస్ మిషన్ ఆగిపోయింది. గన్ మాత్రం ఊడి రాలేదు. దాన్ని పట్టి ఉంచే తాళం కారు లోపల ఉంటుంది. ఆ తాళం బిగుసుకుపోయింది. ఐలేశ్ బంపర్‌కు కాలు తన్నిపెట్టి గుంజడం మొదలుపెట్టాడు.

"గుంజకు అన్న. లోపల కరెంటున్నదో లేదో తెల్వది" అంది జమున.

ఎర్ర బటన్ నొక్కి, ఆ మిషన్‌కు కరెంటు వచ్చే మెయిన్ ఆపి, కొద్దిసేపు ఆగింది. తాళం విడిపించే తీగ ఒకటి బానెట్ కింద ఎక్కడో ఉంటుందని శిక్షణలో చెప్పారు గానీ, ఆమె ఎన్నడూ దాన్ని లాగలేదు. మూత ఊడదీసి వేళ్లతో తడుముతుంటే చెమట కళ్లల్లోకి కారింది. తీగ దొరికింది. మూడోసారి లాగితే గన్ వదిలింది. తాళం పుల్ల వంగిపోయి ఉంది. తాళం పడకుంటే మిషన్ కరెంటు ఇవ్వదు గనుక ఇక ఆ కారు ఛార్జింగ్ తీసుకోదు. బ్యాటరీలో ఉన్నది పందొమ్మిది శాతం, అది హైదరాబాద్ దాకా చాలదు.

"రెండుసార్లు వాయిదా పడ్డది. ఇయ్యాల గూడ పోకుంటే మల్ల ఎప్పుడిస్తరో" అన్నాడు ఐలేశ్, తల్లికి వినపడకుండా.

జమున దేవ్‌సింగ్ దగ్గరికి పోయి తమ లంబాడీ భాషలోనే సంగతి చెప్పింది. తీసుకుపోతానన్నాడు. అయితే అతని బండిలో ఉన్నది నలభై శాతమే, ఇంకో అరగంట ఎక్కాలి. పొద్దుటి నుంచి కేబుల్ బరువుకు గన్ జారి రెండుసార్లు ఆగిందట. కొక్కెం మార్చాలంటే గంట పడుతుంది. జమున రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, కేబుల్ బరువంతా రెండు చేతుల మీద మోస్తూ నిలబడింది. చేయకూడని పని అని ఆమెకు తెలుసు.

అరవై మూడు దగ్గర మళ్లీ ఆగింది. గన్ తీసి, తుడిచి, తిరిగి పెట్టింది. అంకె మళ్లీ కదిలింది. భుజాలు తిమ్మిరెక్కాయి. బాలనర్సమ్మ కారు దిగి వచ్చి పక్కన నిలబడింది.

"చెయ్యి నొస్తలేదా బిడ్డ?"

"నొస్తున్నదవ్వ."

ఎనభై కాగానే తల్లీకొడుకులు తమ కారు అక్కడే వదిలి దేవ్‌సింగ్ టాక్సీలో బయల్దేరారు. పన్నెండుకు పది నిమిషాల ముందు చేరామని ఐలేశ్ ఫోన్ చేశాడు. అప్పటిదాకా జమున ఏ పనీ మొదలుపెట్టలేకపోయింది.

సాయంత్రం, పాతది తీసేయొద్దని రిపోర్టు తిరగరాసింది. అది చదివి యుగేందర్ ఫోన్ చేశాడు.

"పదకొండు సార్లు చెడిపోయిందని నువ్వే రాసినవ్ గద?"

"అది నిజమే సార్. చెడిపోయినా బండిని వదిలిపెట్టింది. కొత్తది మూడుసార్లే చెడిపోయినా, నాలుగోసారి బండిని పట్టుకునే కూసున్నది. గది గూడ రాయాలె గద."

హైదరాబాద్ దారి గనుక జనగామలో పాత గన్ ఉంచారు. మహబూబాబాద్, భూపాలపల్లిలో తీసేయమన్నారు. తాళం విడిపించే పద్ధతి బొమ్మలతో ప్రతి స్టేషన్‌లో అంటించారు. భూపాలపల్లిలో జమునే స్క్రూలు విప్పుతుంటే, చిట్యాల నుంచి వచ్చిన ఒక పాత టాక్సీ డ్రైవర్ ఇక తాను ఎక్కడికి పోవాలని అడిగాడు. వంద కిలోమీటర్లకు పైనున్న జనగామ పేరు చెప్పి, ఆమె తలెత్తకుండా మిగిలిన స్క్రూలు విప్పింది.