టాప్ బిగించబోయి ట్రిప్ ముంచాను

టీలో చక్కెర ఇంకో స్పూను వెయ్యవే, ఇవాళ నాకు అవసరం. ఆదివారం రాత్రికి రావాల్సిన వాళ్ళం శనివారం మధ్యాహ్నానికే ట్రాయ్‌లో మా ఇంటి ముందు ఎందుకు తేలామని అడుగుతున్నారుగా, చెప్తా వినండి. వాన పడిందని మా ఆయన గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు చూశారా? అక్కడ వానా లేదు, మబ్బూ లేదు. వాన పడింది మా క్యాంపర్ లోపల. కురిపించింది నేను.

ముందు ఆ క్యాంపర్ ఎందుకు కొన్నామో చెప్పాలి. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లు అది. మొన్న స్ప్రింగ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. మా మురళికి నేచర్ అంటే ప్రాణమని మీ అందరితో చెప్పాను కదా, అంతా అబద్ధం. ఆయనకి ఒక్క దోమ కుడితే చాలు, నేచర్ మొత్తం మీద కోపమొస్తుంది. అసలు కారణం మా నిత్య. ఈ నెలాఖరుకి కాలేజీకి వెళ్ళిపోతోంది. హైస్కూల్‌లో చేరిన దగ్గర్నించీ దాని గది తలుపు మూసే ఉంటుంది. నేను తలుపు కొడితే లోపల్నించి "యా?" అంటుంది. ఏం చేస్తున్నావే అంటే "నథింగ్". తిన్నావా అంటే మళ్ళీ "యా". ఆ రోజుకి తల్లీకూతుళ్ళ ముచ్చట్లు సరి.

క్యాంపర్ ఫొటోలు చూడగానే నాకు ముందుగా తట్టిందేందో తెలుసా? దాన్లో ఆ పిల్ల తలుపేసుకోవడానికి గది లేదు! టేబుల్ కిందికి దించి, దాని మీద పరుపేసుకుని పడుకోవాలి, అదీ సరిగ్గా నా కిచెన్ ఎదురుగా. ఎక్కడికి పోతుంది? మాట్లాడక చస్తుందా? ఇంక ఆలోచించలేదు, కొందామన్నాను.

"కాలేజీకి వెళ్ళేలోపు నాకు ఒక్క వీకెండ్ ఇవ్వు తల్లీ" అని బతిమాలాను. ఆ శనివారం సాయంత్రమే దాని ఫ్రెండ్ వాళ్ళింట్లో పార్టీ అట, అందరూ తలో ఊరికి వెళ్ళిపోయే ముందు. అది మానుకుని వచ్చింది. ముఖం మాడ్చుకునే వచ్చిందనుకోండి, అయినా వచ్చింది. అదే పదివేలు అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రానికి లేక్ పక్కన క్యాంప్‌గ్రౌండ్‌లో మాకిచ్చిన సైట్‌కి చేరాం. అక్కడ ప్రతి సైట్‌కీ బయటో కొళాయి ఉంటుంది. దానికి హోస్ తగిలించి క్యాంపర్‌కి పెడితే లోపల సింక్‌లోకి నీళ్ళు వస్తాయి. కొళాయి లేని అడవుల్లోకి వెళ్ళే వాళ్ళ కోసం క్యాంపర్‌లోనే ఒక ట్యాంకు, ఆ నీళ్ళు తోడే చిన్న మోటారు కూడా ఉంటాయి. కొళాయి ఉన్న చోట ట్యాంకు ఎవరూ నింపరు, మోటారు ఎవరూ వెయ్యరు. మామూలు మనుషులు.

నేను ఒంగోలు దాన్ని కదా! మాకు మున్సిపాలిటీ నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో ఆ దేవుడికే తెలీదు. వచ్చాయంటే బిందెలు, బకెట్లు, గుండిగలు, ఆఖరికి పూజ చెంబుతో సహా నింపేవాళ్ళం. ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నా నిండు ట్యాంకు చూస్తే తప్ప నాకు కంటికి నిద్ర రాదు. అందుకని ట్యాంకు అంచుల దాకా నింపాను. మోటారు పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ కూడా వేశాను.

"పక్కనే కొళాయి పెట్టుకుని ట్యాంకెందుకు పద్మా?" అన్నాడు మురళి.

"రాత్రి నీళ్ళు పోతే?"

"మిషిగన్‌లో నీళ్ళు పోవడమేంటి! ఎటు చూసినా లేక్‌లే కదా!"

"మీకేం తెలీదు, ఊరుకోండి. ఎందుకైనా మంచిది."

వేసిన స్విచ్ ఆపానా? లేదు. కొళాయి నీళ్ళు వస్తున్నంతసేపూ ఆ మోటారు నోరెత్తదు, దాని ఊసే మర్చిపోయాను.

ఆ సాయంత్రం నిత్య చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, పరుపు మీద ఆ చివరికి జరిగి, గోడకేసి తిరిగి కూర్చుంది. తలుపు లేకపోతే గోడ ఉంటుందని నాకు తట్టలేదు చూడండి! పులిహోర కలిపాను, తినేసి మళ్ళీ గోడవైపే తిరిగింది. చెయ్యి కడుక్కుంటూ మాత్రం, ఇయర్‌బడ్ ఒకటి తీసి, "అమ్మా, దిస్ థింగ్ ఈజ్ గొన్న కమ్ ఆఫ్" అంది.

సింక్ మీదున్న టాప్ సంగతి. నిజమే, అది అటూ ఇటూ ఊగుతోంది. నేనే ఊగేలా చేశాను. అంత బుజ్జి సింక్‌లో అయిదు లీటర్ల కుక్కర్ తోమాలంటే టాప్‌ని పక్కకి తోసెయ్యక ఏం చేస్తాం? క్యాంపర్ తయారుచేసిన వాళ్ళు దాన్ని కాఫీ కప్పులు కడుక్కోవడానికి పెట్టుంటారు.

కానీ మీరొకటి అర్థం చేసుకోవాలి. ట్రిప్ మొత్తానికీ నా కూతురు తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది! ఆ రాత్రంతా అదే తల్చుకుంటూ పడుకున్నాను. పొద్దున్నే అది లేచేసరికి టాప్ బిగించేసి, పెసరట్లు పోసి పెట్టాలి. "అమ్మా, నువ్వే ఫిక్స్ చేశావా?" అంటుంది. "ఆఁ, నేనే" అంటాను. అక్కణ్ణించి మాటలు మొదలవుతాయి. ఎంత ప్లానో చూడండి! పిచ్చిదాన్ని.

పొద్దున లేచి మా ఆయనకి చెప్పాను. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో బల్బు మార్చాలంటే మాత్రం, "ఎవరినైనా పిలుద్దాం" అంటాడు. ఇక్కడా అదే పాట. "వెళ్ళేటప్పుడు డీలర్‌కి చూపిద్దాంలే." నాకు ఒళ్ళు మండింది. ఇంత మాత్రం దానికి డీలరా! వీడియో చూశాను. సింక్ కింద కబోర్డ్‌లో రెండు ప్లాస్టిక్ నట్లుంటాయి, అవి బిగిస్తే టాప్ కదలదు. ముందు నీళ్ళు కట్టెయ్యాలి. ఇంతే! బయటికెళ్ళి కొళాయి కట్టేశాను. పానా తీసుకుని కబోర్డ్‌లో తల దూర్చి వెల్లకిలా పడుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం ఒకసారి గుర్తు చేసుకోండి. టెస్టింగ్ లీడ్‌ని! టెస్ట్ చెయ్యకుండా కోడ్ పంపించినందుకు మొన్న టీమ్‌లో ఆ కుర్రాణ్ణి కళ్ళనీళ్ళు పెట్టించాను. అలాంటి నేను, నీళ్ళు ఆగాయో లేదో చూద్దామని ఒక్కసారి, ఒకే ఒక్కసారి టాప్ తిప్పి చూడలేదు. నవ్వండి, నవ్వండి. నాకూ నవ్వే వచ్చేది, ఇంకెవరైనా చేసుంటే.

లోపల చీకటి. ఫోన్ లైట్ పళ్ళతో పట్టుకున్నాను. వెల్లకిలా పడుకుంటే కుడేదో ఎడమేదో తెలిసి చావదు. ఒక నట్టు దొరికింది, తిప్పాను. కాస్త బిగుతుగా ఉంది. ఇదే అయ్యుంటుంది అనుకుని పానా పట్టి గట్టిగా తిప్పాను. అది టాప్‌ని పట్టుకునే నట్టు కాదు తల్లీ, టాప్‌కి నీళ్ళు తెచ్చే పైపు నట్టు! అది కాస్తా ఊడి నా చేతిలోకొచ్చింది. పైపు నా ముఖం మీదికి.

మొదట కంగారు పడలేదు. కొళాయి కట్టేశాను కదా, పైపులో మిగిలిన నీళ్ళయ్యుంటాయి, ఇప్పుడే ఆగిపోతాయనుకున్నాను. ఎక్కడో గుర్రుమని మోత కూడా వినిపిస్తోంది. పక్క సైట్ వాళ్ళు పొద్దున్నే జనరేటర్ వేశారు, బుద్ధి లేదా వీళ్ళకి అని తిట్టుకున్నాను కూడా. వాళ్ళది కాదు. నా మోటారే, నా ట్యాంకులోంచి, నేను అంచుల దాకా నింపుకున్న నీళ్ళు తోడి నా ముఖం మీదే పోస్తోంది.

నీళ్ళు ఆగవే! పైపుని చేత్తో మూశాను, వేళ్ళ సందుల్లోంచి చిమ్ముతున్నాయి. గిన్నె పెట్టాను, గిన్నె నిండిపోయింది. "ఏవండీ! కొళాయి కట్టెయ్యండి! కొళాయి!" అని అరిచాను. మురళి బయట లాన్ కుర్చీలో కూర్చుని ఇండియాకి ఫోన్ మాట్లాడుతున్నాడు. పరిగెత్తుకెళ్ళాడు పాపం. కట్టేసి ఉన్న కొళాయిని పట్టుకుని, శాయశక్తులా తిప్పాడు.

"కట్టేశాను పద్మా!" అన్నాడు.

అంటే మొత్తం తెరిచాడు. మోటారు నీళ్ళకి కొళాయి నీళ్ళు తోడయ్యాయి! పైపు నా చేతిలోంచి జారి, కబోర్డ్‌లోంచి బయటికొచ్చి, తిన్నగా ఎదుటి పరుపు మీదికి గురిపెట్టింది. ఆ పరుపు మీద ఎవరున్నారో చెప్పక్కర్లేదుగా.

"అమ్మా! వాట్ ఈజ్ హ్యాపెనింగ్!" అని నిత్య దుప్పటితో సహా ఎగిరి దూకింది. నేను కబోర్డ్‌లోంచే "ఏం లేదు తల్లీ, పడుకో!" అన్నాను. పడుకోమన్నానే, దానికి ఈత కొట్టే పరుపు తయారు చేసి!

ఆ పిల్ల మాత్రం ఏమీ హడావుడి పడలేదు. తలుపు పక్కనున్న స్విచ్‌ల దగ్గరికి నడిచింది. ఎర్ర లైటు వెలుగుతున్న స్విచ్ నొక్కి, "అమ్మా, యు లెఫ్ట్ ద పంప్ ఆన్" అంది. తల బయటికి పెట్టి, "నాన్నా, అదర్ వే!" అంది. అంతే, నీళ్ళు ఆగాయి. నా జుట్టులోంచి మాత్రం బొట్లు కారుతూనే ఉన్నాయి.

ఇల్లంతా మడమల దాకా నీళ్ళు. పరుపులు, దుప్పట్లు, దిండ్లు పిండితే బకెట్లకి బకెట్లు. పెసరట్టు పిండి గిన్నె నిండి పొంగి కారి, నేలంతా ఆకుపచ్చగా పారుతోంది. మురళి నన్నూ, నేలనీ, పిండినీ మార్చి మార్చి చూసి, "డీలర్‌కి చూపిద్దామన్నానా" అన్నాడు. ఆ క్షణంలో నా చేతిలో పానా ఉంది. ఆయన అదృష్టవంతుడు, వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు.

పడుకోవడానికి పొడి జాగా లేదు. ఇంక రాత్రికి ఉండేదెక్కడ? "సర్దేద్దాం" అన్నాడు మురళి. నేను పిక్నిక్ టేబుల్ మీద తడి బట్టలతో కూలబడ్డాను. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చింది. కొన్ని నెలలుగా ఎదురు చూసిన వీకెండ్. ఒక్క పెసరట్టు ప్లేటు ముందు కూర్చుని దానితో నాలుగు మాటలు మాట్లాడలేదు. ఇంక ఇది మళ్ళీ ఎప్పుడు కుదరాలి?

అప్పుడే నిత్య గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరితోనో అరుస్తోంది: "గయ్స్! ఐ కెన్ మేక్ ఇట్ టునైట్!" అంత సంతోషం ఆ గొంతులో విని ఎన్నేళ్ళయిందో! పరిగెత్తుకుంటూ వచ్చి, తడిసిన నైటీతో ఉన్న నన్ను అమాంతం వాటేసుకుంది. "అమ్మా, యు ఆర్ ద బెస్ట్!" అంది. నా మెడ చుట్టూ చేతులేసి, బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది.

దాని జుట్టు షాంపూ వాసనొస్తోంది. చెయ్యి వెయ్యాలో వద్దో తెలీక, పానా ఉన్న చేత్తోనే వీపు నిమిరాను.

తిరుగు దారంతా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. నాతో! పార్టీకి ఎవరెవరొస్తున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదో, ఏ డ్రెస్సు వేసుకుంటే బావుంటుందో, అన్నీ చెప్పింది. నీలం డ్రెస్ వేసుకోమన్నాను. "ఓకే, గుడ్ ఐడియా" అంది. ఇంటికెళ్ళగానే ఆ నీలం డ్రెస్సే వేసుకుని బయల్దేరింది. కారు ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదనుకోండి. ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరింది, తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నేను కొట్టాను. "యా?" అంది.

చూశారుగా నా బతుకు! పులిహోరలు పెట్టినా, క్యాంపర్ కొన్నా, కాళ్ళావేళ్ళా పడ్డా దగ్గరికి రాని పిల్ల, నేను ట్రిప్ పాడు చేస్తే వచ్చి ముద్దు పెట్టుకుంది. అందుకే ఇప్పుడు నా పనల్లా ఒకటే. అది వెళ్ళేలోపు దాని ఫ్రెండ్స్ పార్టీలు ఇంకా ఏ ఏ రోజుల్లో ఉన్నాయో మీ పిల్లల్ని అడిగి కాస్త చెప్పండి. సరిగ్గా ఆ రోజులకే నేను ట్రిప్పులు పెట్టి, దగ్గరుండి ముంచేస్తాను.