లాలాగూడ వంపులో మోగిన గిలాసలు

కరోనా సద్దుమణిగిన రెండో ఎండాకాలం. సికింద్రాబాద్‌లో లాలాగూడ వైపు రైలు పట్టాలన్నీ అప్పుడు నా బాధ్యత. పట్టాకూ, దాని కింద అడ్డంగా వేసే కాంక్రీటు స్లీపర్‌కూ మధ్య ఒక రబ్బర్ ప్యాడ్ ఉంటుంది. బండి అదురును అదే మింగుతుంది. రబ్బరు గట్టిపడితే అదురంతా స్లీపర్‌కు పోతుంది, పట్టాను బిగించే క్లిప్పులు వదులవుతాయి. వంపులోనైతే పట్టా పక్కకు జరిగి బండే పడిపోవచ్చు.

ప్యాడ్‌ను సరిగ్గా చూడాలంటే క్లిప్పులు తీసి పట్టా ఎత్తాలి. అందుకు బ్లాక్ కావాలి, అంటే ఆ లైన్లో కాసేపు బళ్ళు ఆపాలి. బ్లాక్ అడిగి చీవాట్లు తినే ఓపిక లేక, లాలాగూడ వంపులో వంగి ప్యాడ్ల అంచులు మాత్రం చూశాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. పైగా వేసి ఎంతో కాలం కాలేదు. ‘బాగున్నాయి’ అని రిజిస్టర్లో రాసి సంతకం గీకేశాను.

వారం తిరక్కుండా కీమ్యాన్ మల్లేశ్ ఆఫీసుకొచ్చాడు. రోజూ సుత్తి పట్టుకుని లైను వెంట నడుస్తూ క్లిప్పులు బిగించే మనిషి. క్వార్టరు ఆ వంపు పక్కనే.

“సార్, వంపుకాడ రబ్బర్ సచ్చినట్టుంది. మా ఇంట్ల గిలాసలు మోగుతున్నయ్.”

“రైలు పక్కన కాపురముంటే గిలాసలు మోగవా మల్లేశూ? రిజిస్టర్లో అదే రాయమంటావా?” అన్నాను. ఆఫీసంతా నవ్వింది. అతను నవ్వలేదు.

మూడో రోజు పొద్దున అతనితో అటువైపు పనిమీద వెళ్తే, అతని భార్య యాదమ్మ పిలిచి చాయ్ ఇచ్చింది. అంతలో ఒక గూడ్స్ వచ్చింది. గూట్లో గాజు గిలాసలు గలగలా కొట్టుకున్నాయి. ఒకటి జరిగి జరిగి అంచుకొచ్చింది. యాదమ్మ అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది.

“మునుపు గిట్ల లేకుండె సార్. ఎండలు షురూ అయినంక రోజూ ఇదే తక్లీఫ్.”

నా సంతకం గుర్తొచ్చింది. వెంటనే స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ చేశాను.

“ఆ లైను ఆపండి!”

“పాసింజర్ ఇప్పుడే వదిలానండీ! జనం కిక్కిరిసి ఉన్నారు. డ్రైవర్ వాకీటాకీలో పలకట్లేదు.”

మల్లేశ్ అప్పటికే ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు ఉరుకుతున్నాడు. వెనక నేను. మొక్కని దేవుడు లేడు. హారన్ వినబడింది. తర్వాత బ్రేకుల కీచు. ఇంజను వంపుకు ఇవతలే ఆగింది.

“ఏమైందయ్యా? ఎందుకాపిన్రు? నాకు డ్యూటీకి లేటైతుంది!” కిటికీలోంచి ఒకావిడ కసిరింది. ఆవిడ ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది.

బ్లాక్ తీసుకుని పట్టా ఎత్తాం. ప్యాడ్ల అంచులు నల్లగానే ఉన్నాయి. నడిమధ్య రబ్బరు మాత్రం మాడిన రొట్టెలా నా చేతిలో విరిగింది. కింద స్లీపర్లకు వరసగా బీటలు.

ఆ రోజు నుంచి పట్టా ఎత్తి చూడకుండా ప్యాడ్లకు సంతకం పెట్టలేదు. అంతకంటే పెద్ద పాఠం, విరిగిన ముక్కను చేతిలో తిప్పుతూ మల్లేశ్ చెప్పాడు.

“నేన్ జెప్తే నవ్విన్రు సార్. గిలాస జెప్తే ఉరికిన్రు.”

కోపంగా కూడా అనలేదు. నేను నవ్విన రోజుకూ, ఉరికిన రోజుకూ మధ్య ఆ వంపు మీద ఎన్ని బళ్ళు పోయాయో స్టేషన్ రిజిస్టర్లో ఉంటుంది. ఆ పేజీ తెరిచే ధైర్యం నాకు ఇవాళ్టికీ లేదు.