పని తెలిసిన మామూలు మనిషి

పేటెంట్ల ఆఫీసులో దరఖాస్తులు పరిశీలించే ఆవిడ, ఏ ఫైలు తెరిచినా ముందు పెన్సిలు చెక్కుకుని, మొనను బొటనవేలితో చూసుకుంటుంది. ఆ అలవాటు నాన్నది. ఆయన ముప్పయ్యేళ్లు కార్ఖానాలో కోత పనిముట్లకు సాన పట్టాడు. అంచు కుదిరిందో లేదో వేలితోనే తేల్చేవాడు. చివరికి ఆ వేలికి స్పర్శ పోయింది, వెనకే పనీ పోయింది. ఎవరు కొత్తది కనిపెట్టామని వచ్చినా, పని తెలిసిన మామూలు మనిషికి అది ఇట్టే తడుతుందా అని చట్టం అడుగుతుంది; తడుతుందంటే పేటెంటు రాదు. ఆ మనిషి కుర్చీలో ఆవిడ ఎప్పుడూ నాన్ననే ఊహించుకుని కూర్చోబెట్టేది. ఇవాళ్టి ఫైల్లోని యంత్రంలో పనిముట్టు అంచును కెమెరా చూస్తుంది, సానరాయి దానంతటదే సరిచేస్తుంది. వేలు పెట్టే పనే లేదు. కెమెరా సంగతి ఒక పాత పత్రికలో ఉంది, రాయి సంగతి ఇంకోదాంట్లో. రెండూ నాన్న పనిలో ఉండగా అచ్చయినవే.

"రెండూ కలపడమేగా మేడమ్, ఎవరికైనా తడుతుంది," అన్నాడు పక్క సీటాయన.

"మా నాన్నకి తట్టలేదండీ."

చట్టం చెప్పే మనిషి అచ్చయినవన్నీ చదివే ఉంటాడని లెక్క. నాన్నకు సంతకం తప్ప మరో అక్షరం వచ్చేది కాదు. ఇన్నేళ్లుగా కూర్చోబెట్టిన ఆయన్ని ఆ కుర్చీలోంచి తనే లేపి, ఆవిడ "ఇట్టే తడుతుంది" అని రాసింది.