కోసేసిన ఈకల మొదళ్లు

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు ఫోన్ మోగింది. ఆ వేళకు నా తమ్ముడు శంషాబాద్‌లో మస్కట్ విమానం ఎక్కి ఉండాలి. అక్కడ ఒక దర్జీ దుకాణంలో అతనికి పని కుదిరింది.

"ఆపా, నన్ను కస్టమ్సోళ్లు ఆపిన్రు. నెమలీకలు తీసుకున్నరు," అన్నాడు.

ఆ ఈకలు నేను కట్టినవే. సత్తుపల్లిలో మా ఇంట్లో మూడు తరాలుగా దర్గాకు నెమలీకల కట్టలు కడుతున్నాం. దర్గా బాగోగులు చూసే ముజావర్ ఆ కట్టను జబ్బు మనిషి తలకు ఆనించి దువా చేస్తాడు. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో నెమళ్లు రాల్చిన ఈకలను కూలికి వెళ్లే ఆడవాళ్లు ఏరి తెచ్చిస్తారు. ఏ రోజు, ఏ తోట, ఎన్ని అన్నది నోటుబుక్కులో రాసుకుంటాను. మస్కట్ యజమాని ఇంటికి కానుకగా ఆరు కట్టలు, కట్టకు అరవై ఒకటి చొప్పున మూడు వందల అరవై ఆరు ఈకలు పెట్టెలో సర్దాను. ఇవి రాలిన ఈకలేనని రాసి దర్గా ముద్ర వేయించిన కాగితం కూడా ఇచ్చాను. అది చాలనుకున్నాను.

"నెమలిని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండ జైలంట. చంపలేదంటే ఎట్ల నమ్మాలె అంటున్నరు, ఆపా."

నోటుబుక్కు తీసి ముందు పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు అటవీ అధికారి, ఒక మహిళా గార్డు ఇంటికి వచ్చారు. ఆయన నోటుబుక్కు అంతా తిరగేశాడు.

"లెక్క మంచిగ రాసిన్రమ్మా. నెమలి సంతకం ఒక్కటే తక్కువుంది." గార్డు నవ్వింది. ఆయన నోటుబుక్కు మూశాడు.

"రాలిన ఈకను ఇంట్ల పెట్టుకోవచ్చు. దేశం దాటించొద్దు, ఒక్కటైనా సరే. దానికి పర్మిట్ ఇచ్చే ఆఫీసే లేదు. అదొక కేసు. చంపిన్రా లేదా అనేది ఇంకోటి. రాలిన ఈక మొదలు ఎండి మూసుకుపోయి ఉంటది. పీకితే నెత్తురు మరక ఉంటది. మీవాటికి మొదళ్లే లేవు. ఎవరు కోసిన్రు?"

"నేనే. కట్ట సమంగ రావాలని వేలెడంత కోస్తం."

"ఆ ముక్కలేవి?"

దర్గాకు చేరేదాని తునక కాలి కింద పడకూడదని వాటిని పారే నీళ్లలో కలుపుతాం. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన వాగులో కలిపాను. తేదీ చెప్పగలిగాను. ముక్క చూపలేకపోయాను.

"కొయ్యనివి ఉన్నయా, అమ్మా?" అని గార్డు అడిగింది.

బీరువాలో నలభై మూడు ఉన్నాయి, అవే తోటలవి. ఆయన ఒక్కొక్కటి భూతద్దం కింద పెట్టి చూస్తుంటే నేను లోలోపల లెక్కపెట్టాను. ఇరవై ఏడోది పట్టుకుని వాకిట్లో వెలుగులోకి వెళ్లాడు. దాని మొదలు దగ్గర గోధుమరంగు చుక్క ఉంది. తమ్ముడి ముఖం తప్ప నాకింకేమీ కనిపించలేదు. ఆయన తడి దూదితో తుడిచాడు.

"మట్టే," అన్నాడు.

నలభై మూడూ రాలినవేనని రాసుకుని, సీలు వేసి తీసుకెళ్లారు. తోటల ఆడవాళ్లను పిలిపించి వాంగ్మూలాలు రాసుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదుకు తమ్ముణ్ణి వదిలారు. వేట కేసు పెట్టలేదు. ఎగుమతి కేసు నడుస్తోంది. ఎవరైనా తలుపు తడితే నేను ఇప్పటికీ ముందు కిటికీలోంచి చూస్తాను.

పోయినవి: కట్టలు ఆరు. ఈకలు మొత్తం నాలుగు వందల తొమ్మిది. మస్కట్ పని ఒకటి. కోర్టు తిరిగి ఇచ్చేదాకా పాస్‌పోర్టు ఒకటి. ఈకలు ఏరి తెచ్చే ఆడవాళ్లు ఐదుగురు. మా గడప తొక్కడం మానేశారు.